మువ్వ – తరచుగా అడిగే ప్రశ్నలు

మువ్వ అనేది పిల్లలూ పెంపుడు జంతువులూ దూరం వెళితే పెద్దవాళ్ళ చేతికి మోగే పరికరం, కానీ ఇంకా తయారు కాని వస్తువు. ఎక్కడ కొనాలి, ఎవరికి డబ్బు కట్టాలి అని ఎవరూ వెతుక్కోకుండా ఈ సంగతి ముందే చెబుతున్నాను. మాది శ్రీకాకుళం జిల్లా, నరసన్నపేట దగ్గర ఒక పల్లె. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశాను. ఇప్పుడు మా ఆయనతో కలిసి మోటార్లు, మిక్సీలు బాగుచేసే షాపు నడుపుతున్నాను. ఖాళీ దొరికినప్పుడల్లా ఈ మువ్వ బొమ్మలు గీస్తూ, లెక్కలు కట్టుకుంటూ రెండేళ్ళు గడిచాయి. అంగన్‌వాడీ దగ్గర, పెళ్ళిళ్ళలో, షాపులో దీని గురించి చెప్పిన ప్రతిసారీ అడిగిన ప్రశ్నలే మళ్ళీ అడుగుతున్నారు. అందుకని వాటినీ నా జవాబులనూ ఒకచోట రాసి పెడుతున్నాను. మువ్వ "చేస్తుంది" అని రాసిన చోటల్లా "అలా చేయాలని నా ఆలోచన" అని చదువుకోండి. రేడియో, బ్యాటరీ, నీళ్ళు, కుక్కకాటు గురించి చెప్పినవి మాత్రం ఈ రోజుకీ పనికొచ్చే నిజాలు.

అసలు మువ్వ అంటే ఏమిటి?

మూడు వస్తువులు. ఒకటి పిల్ల మువ్వ. రేగుపండంత ఉంటుంది. పిల్లల మొలతాడుకి గానీ, కుక్కపిల్ల మెడపట్టీకి గానీ తగిలిస్తారు. రెండోది తల్లి మువ్వ. పిల్లని కనిపెట్టుకుని ఉన్న మనిషి చేతికి గాజులా ఉంటుంది. తల్లే వేసుకోవాలని లేదు. ఆ పూట పిల్ల ఎవరి దగ్గర ఉంటే ఆ గాజు వాళ్ళది. మూడోది హద్దురాయి. సబ్బుబిళ్ళంత ఉండే ఈ రాళ్ళని నూతి గట్టు మీద, వీధి గుమ్మం దగ్గర, పొయ్యి పక్కన, పశువుల సాలలో పెడతారు.

పిల్ల దూరం వెళుతుంటే తల్లి మువ్వ ముందు మెల్లగా మోగుతుంది, ఇంకా దూరమైతే గట్టిగా మోగుతుంది. హద్దురాయి దగ్గరికి వెళితే వేరే మోత. ఎంత దూరం అన్నది ఇంటినిబట్టి మీరే పెట్టుకుంటారు. నా మనసులో ఉన్న కొలత కూతవేటు. మనం పిలిస్తే పిల్లకి వినపడాలి, పిల్ల ఏడిస్తే మనకి వినపడాలి.

ఈ ఆలోచన ఎలా వచ్చింది?

మా పాపకి అప్పుడు రెండున్నరేళ్ళు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. పాప వసారాలో కుక్కపిల్లతో ఆడుకుంటోంది. ఆయన చూస్తున్నారని నేను, నేను చూస్తున్నానని ఆయన. గిన్నెలు బోర్లించి వచ్చేసరికి వసారా ఖాళీ.

అంతకు పదిరోజుల ముందే పాప కాలి మువ్వల పట్టీలు నేనే తీసి బీరువాలో పెట్టాను, మధ్యాహ్నం పూట మా అత్తగారి నిద్ర చెడుతోందని. కుక్కపిల్ల మెడలో మాత్రం మా ఆయన సంతలో కొన్న చిన్న గజ్జె ఉంది. గోర్జి (సందు) చివర కళ్ళంలో ధాన్యం ఎండబోస్తున్న పక్కింటి పెద్దమ్మకి ఆ గజ్జె చప్పుడు వినపడింది. వీళ్ళ కుక్కపిల్ల ఇటెందుకొచ్చిందని ఆవిడ తలెత్తి చూస్తే, దాని వెనకాలే మా పాప. అక్కడికి గెడ్డ (వాగు) ఇంకో ముప్ఫై అడుగులు. ఆ రోజుల్లో గెడ్డ నిండుగా పారుతోంది.

పాపని చంకనేసుకుని వచ్చిన పెద్దమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ సాయంత్రమే బీరువా తీసి పట్టీలు మళ్ళీ పాప కాళ్ళకి పెట్టాను. పిల్లల మొలతాడుకి మువ్వలు, ఆవు మెడకి గంట కట్టిన మన పెద్దవాళ్ళు ముద్దుకే కట్టలేదని ఆ రోజు నాకు బోధపడింది. చూపు అన్నివేళలా ఒకచోట ఉండదు. చెవి మాత్రం పని చేసుకుంటూనే కాపలా కాస్తుంది.

అలాగైతే మామూలు మువ్వలే కట్టొచ్చు కదా, ఎలక్ట్రానిక్స్ ఎందుకు?

కట్టండి. ఈ రోజే కట్టండి. కానీ మామూలు మువ్వకి మూడు లోట్లున్నాయి. పిల్ల కదిలితేనే అది మోగుతుంది. పడిపోయి కదలకుండా ఉన్న పిల్లకి మనం ఎక్కువగా కావాలి, అప్పుడే మువ్వ ఊరుకుంటుంది. రెండోది, మిక్సీ తిరుగుతుంటే, టీవీ మోగుతుంటే, వాన రేకుల మీద కొడుతుంటే వినపడదు. మూడోది, పిల్ల అరుగు మీద ఉందో నూతి గట్టు మీద ఉందో దానికి తేడా తెలియదు.

ఫోనులో జీపీఎస్ ఉంది కదా?

జీపీఎస్ కొబ్బరితోటలో తప్పిపోయిన ఆవుని వెతకడానికి పనికొస్తుంది. ఆకాశం బాగా కనిపించే చోట కూడా మామూలు ఫోను చూపించే చోటుకీ అసలు చోటుకీ సుమారు ఐదు మీటర్ల తేడా ఉంటుంది. స్లాబు కింద, పెంకుటింట్లో ఆ తేడా ఇంకా పెరుగుతుంది. మా ఇంటి గుమ్మం నుంచి రోడ్డుకి మూడు మీటర్లు లేదు. పాప వసారాలో ఉందో లారీ ముందు ఉందో జీపీఎస్ చెప్పలేదు.

యాపిల్ ఎయిర్‌ట్యాగ్ లాంటివి కూడా అడుగుతున్నారు. అది 2021లో వచ్చింది. తాళాలు, సంచులు వెతుక్కోవడానికే గానీ మనుషులకీ పెంపుడు జంతువులకీ కాదని తయారీదారులే చెప్పారు. పైగా అది దూరంలో ఉన్నప్పుడు, దాని పక్కగా వెళ్ళే ఎవరిదో యాపిల్ పరికరం దాన్ని గుర్తిస్తేనే మనకి కబురు అందుతుంది. మా జీడితోటల్లో మధ్యాహ్నం పూట అటుగా వెళ్ళే ఐఫోన్లు ఎన్ని ఉంటాయి?

మరి మువ్వ దూరాన్ని ఎలా కొలుస్తుంది?

బ్లూటూత్‌లో సాధారణంగా సిగ్నల్ బలం చూసి దూరాన్ని అంచనా వేస్తారు. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళే, ఆ నీళ్ళు ఈ తరంగాలని పీల్చేస్తాయి. పాప మనకి వీపు తిప్పి నిలబడిందంటే రెండు మీటర్లలో ఉన్నా పది మీటర్లలో ఉన్నట్టు చూపించవచ్చు. రోజుకి ఇరవైసార్లు ఊరికే మోగే పరికరాన్ని మూడో రోజు ఎవరైనా తీసి గూట్లో పెడతారు. ఊరికే మోగడం కూడా ప్రమాదమే.

అందుకని అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే రేడియో పద్ధతిని ఎంచుకున్నాను. ఇందులో సిగ్నల్ బలం చూడరు, సిగ్నల్ వెళ్ళి తిరిగి రావడానికి పట్టిన సమయం చూస్తారు. రేడియో తరంగం ఒక నానో సెకనులో సుమారు 30 సెంటీమీటర్లు వెళుతుంది. అంత చిన్న సమయాన్ని కొలిచే చిప్పులు ఇప్పుడు ఖరీదైన ఫోన్లలోనూ కారు తాళాల్లోనూ ఉన్నాయి. అడ్డం లేకపోతే జానెడు లోపు తేడాతో దూరం తెలుస్తుంది. మట్టిగోడ, మనిషి అడ్డమైతే తేడా కొంచెం పెరుగుతుంది గానీ గుమ్మానికీ రోడ్డుకీ మధ్య తేడా తెలియనంత కాదు.

మేము హైదరాబాదులో పనికి వచ్చాం. బాబు ఊళ్ళో మా అమ్మ దగ్గర ఉన్నాడు. అలారం మా ఫోనుకి వస్తుందా?

రాదు. ఈ జవాబు చాలామందికి నచ్చడం లేదని నాకు తెలుసు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఎన్ని ఇళ్ళవాళ్ళు హైదరాబాదుకో చెన్నైకో విశాఖకో కట్టడం పనులకి వెళ్ళి, పిల్లల్ని అమ్మమ్మల దగ్గర, నానమ్మల దగ్గర వదిలి ఉంటున్నారో మా వీధి చూసినా తెలుస్తుంది. మీ మనసు ఎక్కడ ఉంటుందో కూడా తెలుసు. అయినా వద్దంటున్నాను, ఎందుకో చెబుతాను.

మీరు అక్కడ పదో అంతస్తు స్లాబు మీద ఉంటారు. బాబు నూతి దగ్గరికి వెళ్ళాడని మీ ఫోను మోగింది. మీరు పరుగెత్తలేరు. వెంటనే అమ్మకి ఫోను చేస్తారు. అమ్మ ఫోను ఇంట్లో చార్జింగులో ఉంటుంది. అది మోగుతుంటే ఆవిడ బాబు వైపు వెళ్ళకుండా ఇంట్లోకి వెళుతుంది. మీ ప్రేమే ఆవిడని నూతికి ఎదురు దిక్కుకి లాగుతుంది. ఈ మాట చెప్పినప్పుడు మా షాపులో ఒక తండ్రి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మువ్వ మోత పరుగెత్తి వెళ్ళగలిగిన వాళ్ళకే వినపడాలి. అమ్మ చేతి గాజు మోగి పది సెకన్లలో ఆవిడ దాన్ని నొక్కకపోతే, మోత పక్కింటి గాజుకి వెళుతుంది, ఆ తర్వాత ఎదురింటికి. ఇలా మూడు ఇళ్ళు ముందే ఒకరికొకరు ఒప్పుకుని కలుపుకోవాలి. మన వీధుల్లో పిల్లలు ఇప్పటికీ అలాగే పెరుగుతున్నారు. ఎవరింట్లో అన్నం తిన్నారో రాత్రికి గానీ తెలియదు. ఆ ఏర్పాటుకి గాజు ఒక గొంతు ఇస్తుంది, అంతే. మీరు సాయంత్రం వీడియో కాల్ చేసి బాబుని చూడండి. వాడికి ఆ పూట కావలసింది మీ ముఖం.

మా అమ్మకి సరిగా వినపడదు. ఆ గాజు మోత తెలుస్తుందా?

వయసు పెరిగేకొద్దీ ముందు కీచు శబ్దాలు వినపడకుండా పోతాయి. మామూలు అలారాలన్నీ కీచుమంటాయి కాబట్టి పెద్దవాళ్ళకి తెలియవు. తల్లి మువ్వ మోత 500 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది, గుడిగంటలా కాస్త బొంగురుగా. దాంతోపాటు గాజు మణికట్టు మీద అదురుతుంది. ఇద్దరు పిల్లలుంటే అదురు వేరువేరుగా ఉంటుంది: పెద్దదానికి పొడుగ్గా ఒకసారి, చిన్నవాడికి పొట్టిగా రెండుసార్లు.

నుయ్యి, చెరువు, గెడ్డ దగ్గర ఇది ఎంతవరకు పనిచేస్తుంది?

నేను ఎక్కువ రాత్రులు కూర్చుని ఆలోచించింది దీని గురించే.

ముందు నీళ్ళ సంగతి. మునిగిపోతున్న చిన్నపిల్ల కేకలు వేస్తుందని, చేతులు కొట్టుకుంటుందని అనుకుంటాం. చాలాసార్లు అలా జరగదు. ఊపిరికే అవకాశం లేనప్పుడు అరవడం ఎలా? చప్పుడు లేకుండా నిమిషాల్లో అయిపోతుంది. దీనికి చెరువే కావాలని కూడా లేదు. కొన్ని అంగుళాల నీళ్ళున్న బకెట్టులోకి తలకిందులుగా పడిన పసివాడు తనంతట లేవలేడు, ఎందుకంటే ఆ వయసులో తల బరువెక్కువ. నాగావళి, వంశధార పేర్లు చెప్పుకుని భయపడతాం గానీ పెరట్లో కుడితి గోలెం కూడా అంతే ప్రమాదం.

ఇక రేడియో సంగతి. మువ్వలోని తరంగాలు నీళ్ళలో అంగుళాలు కూడా సరిగా వెళ్ళవు. పిల్ల మువ్వ మునిగితే సిగ్నల్ పోతుంది. ఒక మీటరు లోతులో అరగంట ఉన్నా చెడకుండా చేయొచ్చు, కానీ చెడకపోవడం వేరు, వినపడటం వేరు. చాలా పరికరాలు సిగ్నల్ పోతే కాసేపు ఆగి, మళ్ళీ వస్తుందేమో చూస్తాయి. నీళ్ళ దగ్గర ఆ కాసేపే ప్రాణం. అందుకని మువ్వలో నియమం ఇది: నీటి హద్దురాయికి ఐదు మీటర్ల లోపు ఉన్న పిల్ల మువ్వ రెండు సెకన్లు మాట్లాడకపోతే, అన్నిటికంటే పెద్ద మోత ఒకేసారి మూడు ఇళ్ళలోనూ మోగాలి. ఇక్కడ పది సెకన్ల నియమం లేదు. తప్పుగా మోగినా పరవాలేదు.

ఇంత చేసినా ఇది నూతికి మూత కాదు. మువ్వ ఉంది కదా అని నుయ్యి తెరిచి ఉంచే ఇంటికి నేను మువ్వ ఇవ్వను. ముందు నూతి మీద ఇనుప జాలీ, ఆ తర్వాతే హద్దురాయి.

బ్యాటరీ అయిపోతే? పిల్ల లాగి పారేస్తే?

పిల్ల మువ్వ సెకనుకోసారి "ఉన్నాను" అని చెబుతూ ఉంటుంది. ఆ మాట ఆగితే తల్లి మువ్వ మోగుతుంది. కారణం బ్యాటరీ కావచ్చు, కొక్కెం ఊడటం కావచ్చు, ఏదైనా సరే. మౌనంగా చెడిపోయే కాపలాదారు అసలు లేకపోవడం కంటే చెడ్డ. బ్యాటరీ తగ్గుతోందని ఒక రోజు ముందే సాయంత్రం దీపాలవేళ మెల్లగా చెబుతుంది.

అందులోని బ్యాటరీ పిల్లలు మింగేస్తే?

అందుకే నాణెం బ్యాటరీ పెట్టడం లేదు. బొమ్మల్లో, రిమోట్లలో, చిన్న ట్యాగుల్లో ఉండే గుండ్రటి లిథియం బ్యాటరీ పిల్లల గొంతులో ఇరుక్కుంటే, దాని కరెంటుకి లోపలి చర్మం రెండు గంటల్లోనే తీవ్రంగా కాలిపోవచ్చు. మింగినట్టు అనుమానం వచ్చినా వాంతి చేయించకండి, తెల్లారనివ్వకండి, నేరుగా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి. మీ ఇంట్లో రిమోట్ వెనక మూత వదులుగా ఉంటే ఇప్పుడే లేచి టేపు వేయండి, మిగతాది తర్వాత చదవొచ్చు.

మువ్వలో బ్యాటరీ పూర్తిగా మూసేసిన గుల్లలో ఉంటుంది. తీగ గుచ్చే రంధ్రం కూడా లేకుండా, పీట మీద పెడితే చార్జి అవుతుంది.

మెడలో వేయొచ్చా?

వద్దు. పిల్లల మెడలో ఏ తాడూ వద్దు. ఉయ్యాల కొక్కేనికో గేటు మొలకో తగులుకుంటే ఉరి పడుతుంది. మొలతాడుకే కట్టాలి, అది కూడా గట్టిగా లాగితే ఊడిపోయే కొక్కెంతో. ఊడిన వెంటనే గాజు మోగుతుంది. తాడుకీ ఒంటికీ మధ్య రెండు వేళ్ళు దూరేంత వదులు ఉండాలి. ఎండాకాలం చెమటకి చర్మం ఒరుసుకుంటుంది కాబట్టి రోజూ స్నానం చేయించేటప్పుడు చూడాలి.

రేడియేషన్ గురించి టెన్షన్ పడాలా?

అక్కర్లేదు. అల్ట్రా వైడ్‌బ్యాండ్‌కి అనుమతించిన శక్తి చాలా తక్కువ, సిగ్నల్ అందక గట్టిగా ప్రసారం చేస్తున్న సెల్‌ఫోనుతో పోలిస్తే వెయ్యో వంతు కూడా ఉండదు.

గేటు దాటితే కుక్కకి షాక్ కొట్టే పట్టీలు ఉన్నాయట. మువ్వలో ఆ సౌకర్యం ఉందా?

లేదు, ఉండదు. వేల్స్ దేశంలో 2010లోనే కుక్కలకీ పిల్లులకీ ఇలాంటి పట్టీలు వాడకూడదని చట్టం చేశారు. చట్టం లేకపోయినా నాకు ఇది సబబుగా అనిపించదు. షాక్ తగిలిన క్షణంలో కుక్క ఎదురుగా ఎవరు కనిపిస్తే ఆ నొప్పిని వాళ్ళతో ముడిపెట్టుకుంటుంది. ఆ కనిపించింది బడికి వెళుతున్న పక్కింటి పిల్లాడైతే? భయపడ్డ కుక్కే కరుస్తుంది.

దానికి బదులు కుక్క మువ్వలో ఒక చిన్న మోత ఉంటుంది. ఆ మోత వినగానే ఇంటికొస్తే ఏదైనా తినడానికి పెట్టాలి. చేపముక్క చాలు. పదిహేను రోజులు ఓపిగ్గా నేర్పితే గేటు దగ్గర మోత విని వెనక్కి తిరుగుతుంది. మా కుక్కకి మామూలు స్టీలు గిన్నె చప్పుడుతో ఇది నేర్పించాను, ఇప్పటికీ పనిచేస్తోంది. దీపావళి రాత్రి మాత్రం ఏ మోతా పనిచేయదు. టపాసులకి బెదిరిన కుక్క ఎటు పడితే అటు పరుగెడుతుంది. ఆ రోజు చీకటి పడకముందే లోపల గదిలో పెట్టి తలుపు వేయండి.

మా కుక్క ఊరంతా తిరుగుతుంది. పొలాల్లోకి వెళితే తెలుస్తుందా?

అల్ట్రా వైడ్‌బ్యాండ్ కొన్ని పదుల మీటర్లకి మించి వెళ్ళదు. తిరిగే కుక్కలకి, మేపుకి వెళ్ళే ఆవులకి వేరే రకం మువ్వ అనుకున్నాను. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు లేకుండా వాడుకునే వీలుంది. ఆ తరంగాలపై లోరా పద్ధతిలో చిన్న కబురు మైదానంలో కిలోమీటర్ల దూరం వెళుతుంది, సెల్ టవర్ అక్కర్లేదు. నిమిషానికోసారి చోటు చెబితే చాలు కాబట్టి ఇక్కడ జీపీఎస్ సరిపోతుంది. ఆవు విషయంలో ఐదు మీటర్ల తేడా ఎవరికీ బాధ కాదు.

మైక్రోచిప్ వేయించాం, ఇంక ఇవన్నీ ఎందుకు?

బియ్యపుగింజంత ఆ చిప్పులో బ్యాటరీ ఉండదు, జీపీఎస్ ఉండదు. పదిహేను అంకెల నంబరు ఒక్కటే ఉంటుంది. కొద్ది సెంటీమీటర్ల దూరంలో రీడరు పెడితేనే ఆ నంబరు వస్తుంది. దొరికిన కుక్క ఎవరిదో చెప్పడానికి చాలా మంచిది. ఎక్కడుందో చెప్పదు.

పిల్లులు, మేకపిల్లలు, కోళ్ళు?

పిల్లికి వేసేది లాగితే ఊడిపోయే పట్టీయే అయి ఉండాలి, అవి దూరే సందులు అలాంటివి. మేకపిల్లలకి వేయొచ్చు. కోళ్ళకి వద్దు, ఆ డబ్బుతో గంపకి మంచి తలుపు చేయించండి.

ఇంట్లో నెలల పాప, కుక్క రెండూ ఉన్నాయి. వాటిమధ్య దూరం చూడగలదా?

చూడగలదు. నాకు నచ్చిన ఉపయోగాల్లో ఇదొకటి. పాప ఉయ్యాల దగ్గర హద్దురాయి పెడితే, పెద్దవాళ్ళెవరి గాజూ దగ్గర లేనప్పుడు కుక్క అటు వెళితే మోగుతుంది. ఎవరైనా పక్కనే ఉంటే మోగదు. ఎంత నెమ్మది కుక్కైనా పసిపాప దగ్గర ఒంటరిగా వదలకూడదు. తోక లాగినా చెవి పట్టుకున్నా అది ఎంతవరకు ఓర్చుకుంటుందో మనం చెప్పలేం.

కరిచినా, గోరు గీసినా, వెంటనే కారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగండి, పదిహేను నిమిషాలు మనం అనుకునేదానికంటే ఎక్కువసేపు. కారం, పసుపు, సున్నం పెట్టకండి. ఆ రోజే ప్రభుత్వాసుపత్రిలో రేబిస్ టీకా మొదలుపెట్టించండి. ఇంటి కుక్కే కదా అని ఆగకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు.

రథసప్తమికి అరసవల్లి వెళ్ళినప్పుడు, సిరిమాను పండక్కి విజయనగరం వెళ్ళినప్పుడు పనిచేస్తుందా?

కొంతవరకే. ముందే చెప్పినట్టు మనుషుల ఒళ్ళు తరంగాలని పీల్చేస్తాయి. పైడితల్లమ్మ సిరిమాను గుడికీ కోటకీ మధ్య తిరుగుతుంటే ఆ తోవంతా నిలబడే జనం మధ్యలో, ఇంటి దగ్గర ముప్ఫై మీటర్లు పనిచేసేది ఐదారు మీటర్లకి పడిపోవచ్చు. ఒక విధంగా అది మేలే. గుంపులో మూడు మీటర్లు దాటితేనే మోగేలా పెట్టుకుంటాం, సిగ్నల్ పోయినా మోగుతుంది. చేయి జారిన వెంటనే తెలుస్తుంది. కానీ ఆ తర్వాత పిల్ల ఎటు వెళ్ళిందో చూపించడం కష్టం.

తిరునాళ్ళకి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఇది. బయలుదేరే ముందు ఆ రోజు బట్టల్లోనే పిల్లని ఫొటో తీయండి, పోలీసులకి చూపించడానికి. మీ ఫోను నంబరు పిల్ల ముంజేతి మీద పెన్నుతో రాయండి. తప్పిపోతే ఎక్కడికీ పరుగెత్తకుండా ఉన్నచోటే నిలబడమని నేర్పండి. అత్త, బాబాయి, అమ్మమ్మ అందరూ కలిసి వెళ్ళినప్పుడు "పిల్ల ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది" అన్నది పైకి చెప్పుకోండి. నలుగురు పెద్దవాళ్ళుంటే పిల్లని ఎవరూ చూడని క్షణం తప్పకుండా వస్తుంది.

తుఫాను వచ్చి కరెంటు, టవర్లు పోతే?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక, ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఇళ్ళ చుట్టూ పడిపోయిన కొబ్బరిచెట్లు, తెగిన తీగలు, ఎక్కడ చూసినా నీళ్ళు. పిల్లల్ని కనిపెట్టుకోవాల్సిన అవసరం ఎక్కువగా ఉండేది ఆ రోజుల్లోనే. అందుకే మువ్వకి ఇంటర్నెట్ అక్కర్లేకుండా, సిమ్ అక్కర్లేకుండా ఆలోచించాను. గాజూ మువ్వా నేరుగా మాట్లాడుకుంటాయి. ఒకసారి చార్జి చేస్తే వారం రావాలన్నది నా లక్ష్యం, చేతి టార్చికి పెట్టే సోలార్ పలకతో కూడా చార్జి అవ్వాలి.

ఇందులో కెమెరా, మైకు ఉంటాయా? పిల్ల ఎక్కడెక్కడ తిరిగిందో దాస్తుందా?

ఏదీ ఉండదు. ఈ క్షణంలో ఎంత దూరం అన్నది తప్ప నిన్నటిది దేన్నీ గుర్తుపెట్టుకోదు. జర్మనీలో 2017లో, దూరం నుంచి రహస్యంగా వినే వీలున్న పిల్లల స్మార్ట్ వాచీలని నిషేధించారు. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి చేసింది. దాచిపెట్టిన డేటా ఎప్పుడో ఒకప్పుడు పరాయివాళ్ళ చేతిలో పడుతుంది. అసలు పుట్టని డేటాని ఎవరూ దొంగిలించలేరు.

మొలతాడుకి పరికరం కట్టడం అంటే పిల్లల్ని గొడ్లలా గుంజకి కట్టినట్టు కాదా?

ఒక అంగన్‌వాడీ టీచరుగారు ఈ ప్రశ్న అడిగారు. ఆవిడ అడిగాకే మువ్వలో రెండు సంగతులు మార్చాను. పలుపుతాడు పశువుని ఆపుతుంది. మువ్వ ఎవరినీ ఆపదు, పిల్లని తిట్టదు, పిల్ల వైపు అసలు మోగనే మోగదు. మోగేది పెద్దవాళ్ళ చేతికి. లేచి వెళ్ళాల్సింది మనం. ఇది మొదటి మార్పు.

రెండోది దాగుడుమూతల కోసం. గాజు ఎంత దూరమో చెబుతుంది, ఏ దిక్కో చెప్పదు. హద్దు దాటితేనే దిక్కు చూపిస్తుంది. బియ్యం డ్రమ్ము వెనక దాక్కున్న పిల్లకి తనని ఎవరూ కనిపెట్టలేరన్న సంతోషం ఉండాలి. అది తీసేసుకునే హక్కు మనకి లేదు.

బడికి వెళ్ళి, రోడ్డు దాటేముందు ఇటూ అటూ చూడటం వచ్చాక, ఆరేడేళ్ళకి మువ్వ తీసేయాలి. తీయడానికి పెద్దవాళ్ళే ఎక్కువ కష్టపడతారని నాకు అనిపిస్తోంది.

ఎవరైనా ఎత్తుకుపోతే కాపాడుతుందా?

కొక్కెం ఊడదీస్తే మోగుతుంది, అంతవరకే. పిల్ల కనిపించకపోతే మొదట చుట్టుపక్కల నీళ్ళున్న చోట్లు చూడండి, మరొకరు అదే సమయంలో 112కి ఫోను చేయండి. పిల్లల సహాయానికి 1098 కూడా ఉంది. ఇరవైనాలుగు గంటలు ఆగాలన్న మాట తప్పు, వెంటనే చెప్పాలి.

మతిమరుపు వచ్చిన మా మావగారికి కట్టొచ్చా?

ఆయనకి అర్థమయ్యే వేళ చూసి, కూర్చోబెట్టి అడగండి. ఒప్పుకుంటే గాజులానో మొలతాడుకో కట్టండి. నిద్రలో కట్టకండి.

ఎప్పుడు తయారవుతుంది, ఎంత ఉంటుంది?

తేదీ చెప్పి ఆశపెట్టను. ఇటుక పనికి వెళ్ళే ఇంటివాళ్ళు రెండు రోజుల కూలితో కొనుక్కోగలగాలి. అంతకంటే ఎక్కువైతే నేను అనుకున్న మువ్వ కాదు. చిప్పుల ధర తగ్గాలి, చేసేవాళ్ళు దొరకాలి. ఈ ఆలోచన ఎవరికైనా పనికొస్తే తీసుకుని చేసుకోండి, నన్ను అడగక్కర్లేదు.

అప్పటిదాకా మేము ఏం చేయాలి?

ఒక పని చేసి చూడండి. మీరు రోజూ ఎక్కువసేపు ఉండే చోట, అంటే పొయ్యి దగ్గరో కుట్టు మిషను దగ్గరో, పిల్లని పక్కన నిలబెట్టండి. నూతి దగ్గరికో రోడ్డు దగ్గరికో ఇంకొక పెద్దమనిషిని పంపి, అక్కడి నుంచి పిల్లని పిలవమనండి. పిల్ల చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి. తర్వాత మీరు అదే దూరం పరుగెత్తి లెక్కపెట్టండి. గడపలు, అరుగులు, ఆరేసిన బట్టలు అన్నీ దాటుకుంటూ. ఆ రెండు అంకెలూ చూశాక, గడియ ఎంత ఎత్తులో పెట్టాలో, ఏ గోలెం బోర్లించాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

మా ఇంట్లో వంటింటి నుంచి నూతికి పాపకి పద్నాలుగు సెకన్లు పట్టింది. నాకు తొమ్మిది. ఆ మర్నాడే మా ఆయన జాలీ బిగించారు.